డాస్‌లోకి మేక్ వచ్చిన రోజులు

ఒక కంపైలర్‌ని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి తెచ్చినవాళ్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి. సోర్స్ ఫైళ్ల నుంచి ప్రోగ్రామ్‌ని కట్టే బిల్డ్ టూల్‌ని తెచ్చినవాళ్లని పెద్దగా ఎవరూ తలుచుకోరు. కానీ 1990ల్లో డాస్ మెషీన్ మీద యూనిక్స్ సోర్స్ ప్యాకేజీ విప్పి, "మేక్" అని కొట్టి, అది ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్తుంటే చూసినవాళ్లకి అసలు కష్టం ఎవరు పడ్డారో తెలుసు. మేక్ అనే బిల్డ్ టూల్‌కి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ జీఎన్‌యూ రాసుకున్న రూపం జీఎన్‌యూ మేక్. దాన్ని ముందు డాస్‌కీ, తర్వాత విండోస్‌కీ తెచ్చినప్పటి సంగతులు మరుగున పడకముందే వివరంగా రాసిపెట్టాలనిపించింది. ఇప్పుడు ఏదైనా బిల్డ్ టూల్‌ని ఇంకో సిస్టమ్‌కి పోర్ట్ చేయబోయేవాళ్లకీ ఇందులో చాలా భాగం అక్కరకొస్తుంది. మెషీన్లు మారాయి గానీ ఇబ్బంది పెట్టే చోట్లు మారలేదు.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ చేసే పని రెండు ముక్కల్లో అయిపోతుంది: ఫైళ్ల టైమ్ పోల్చడం, కమాండ్ నడపడం. సీ సోర్స్ ఉన్న .సీ ఫైల్ కంటే, దాన్ని కంపైల్ చేస్తే వచ్చే .ఓ ఫైల్ పాతదైతే కంపైలర్‌ని పిలుస్తుంది, లేదంటే ఊరుకుంటుంది. ఏ ఫైల్‌ని (టార్గెట్) వేటినుంచి ఎలా కట్టాలో చెప్పే రూల్స్‌ని మేక్‌ఫైల్ అనే ఫైల్‌లో రాసుకుంటాం. వేరియబుల్స్, ప్యాటర్న్ రూల్స్, డిపెండెన్సీల చెట్టు, ఇవన్నీ మామూలు సీ కోడ్, ఎక్కడైనా కంపైల్ అయిపోతాయి. పేచీ అంతా ఆ రెండు పనులతోనే. టైమ్ చెప్పేది ఫైల్ సిస్టమ్, కమాండ్ నడిపేది మనం కొట్టిన లైన్‌ని అందుకునే షెల్లూ, సిస్టమ్ గుండెలాంటి కెర్నలూ. మేక్‌కి ప్రాణమైన ఆ రెండూ మేక్ చేతిలో లేవు. అందుకే పోర్టింగ్ అంటే మేక్ కోడ్‌ని మార్చడం కన్నా, దాని కింద ఉండాల్సిన యూనిక్స్‌ని లేనిచోట నిలబెట్టడం.

అప్పట్లో మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల టర్బో సీ నీలం స్క్రీనే ఎడిటరూ, కంపైలరూ, బిల్డ్ టూలూ. కంట్రోల్ ఎఫ్9 కొడితే ప్రోగ్రామ్ నడిచేది. దాంతోపాటే వచ్చిన బోర్లాండ్ మేక్‌ని తెరిచి చూసినవాళ్లు తక్కువ. జీఎన్‌యూ కంపైలర్‌నీ టూల్స్‌నీ డాస్‌కి తెచ్చిన డీజేజీపీపీ వచ్చాక కథ మారింది. 1989లో డీజే డెలోరీ అనే ఆయన, జీఎన్‌యూ ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్‌ని, వాళ్ల కంపైలర్ జీసీసీని డాస్‌కి తెస్తారా అని అడిగితే, జీసీసీ చాలా పెద్దది, డాస్ 16 బిట్ సిస్టమ్, అది కుదిరే పని కాదు అన్నారు. డెలోరీ దాన్ని సవాలుగా తీసుకుని, 386లోని ప్రొటెక్టెడ్ మోడ్‌ని వాడుకునే ఎక్స్‌టెండర్ రాసి, జీసీసీని డాస్ మీద నడిపించి చూపించారు. డాస్ ప్రోగ్రామ్‌ల మెమరీకి ఉన్న 640 కేబీ గోడ అక్కడితో కూలింది. 1996లో వచ్చిన రెండో వెర్షన్, ప్రొటెక్టెడ్ మోడ్ సేవలు అడగడానికి అందరూ ఒప్పుకున్న డీపీఎమ్ఐ పద్ధతికి మారింది. ఖాళీ డాస్ మీద ఆ సేవ అందించడానికి చార్ల్స్ శాండ్‌మన్ రాసిన సీడబ్ల్యూఎస్‌డీపీఎమ్ఐ ఉండేది. మెమరీ చాలకపోతే అది డిస్క్ మీద స్వాప్ ఫైల్ పెట్టుకునేది. పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైల్ కంపైల్ అవుతున్నప్పుడు హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా వెలగడం వెనక కథ అదే. క్వేక్ ఆట డాస్ వెర్షన్‌ని కంపైల్ చేసింది కూడా ఈ డీజేజీపీపీతోనే.

ప్యాకేజీలు జిప్ ఫైళ్లుగా వచ్చేవి. లైబ్రరీకి డీజేడెవ్, బైన్‌యుటిల్స్‌కి బీఎన్‌యూ, మేక్‌కి మాక్. వాటి పక్కన వెర్షన్ నంబరు, చివర ఒక అక్షరం. బీ అంటే బైనరీ, ఎస్ అంటే సోర్స్, డీ అంటే డాక్యుమెంటేషన్. పేరు మొత్తం ఎనిమిది అక్షరాల్లో పట్టాలి కాబట్టి అంత పొదుపు. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ని మామూలు జనానికి తెరిచిన తొలి రోజుల్లో వీటిని మోడెమ్ మీద దించుకోవడం, 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టనివాటిని ముక్కలు చేసి చేతులు మార్చుకోవడం పెద్ద పనే.

ఇక పోర్టింగ్ సంగతికొస్తే, మొదటి అడుగులోనే ముడి ఉంది. మేక్‌ని కట్టాలంటే మేక్ కావాలి. యూనిక్స్‌లో దీనికి దారి ఉంది. సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపితే, అవన్నీ రాసి ఉన్న కాన్ఫిగ్.హెచ్ తయారవుతుంది, మేక్ లేకుండానే పని కానిచ్చే ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ కూడా వస్తుంది. డాస్‌లో ఆ షెల్లే లేదు, కాన్ఫిగర్ నడిచే మాటే లేదు. అందుకని సోర్స్‌లోనే చేత్తో రాసిన ఒక కాన్ఫిగ్ ఫైల్, ఒక బ్యాచ్ ఫైల్ పెట్టారు. డాస్‌కి కాన్ఫిగ్‌హెచ్.డాస్, డాస్‌బిల్డ్.బ్యాట్. విండోస్‌కి వేరే జత. బ్యాచ్ ఫైల్ చేసేది సూటి పని. కాన్ఫిగ్‌హెచ్.డాస్‌ని కాన్ఫిగ్.హెచ్ పేరుతో కాపీ చేస్తుంది, ఒక్కో .సీ ఫైల్‌కి ఒక్కో జీసీసీ లైన్ నడుపుతుంది, చివర ఫర్ లూప్‌తో .ఓ ఫైళ్ల పేర్లన్నీ ఒక రెస్పాన్స్ ఫైల్‌లోకి రాసి, ఆ ఫైల్ పేరు ముందు @ గుర్తు పెట్టి లింకర్‌కి ఇస్తుంది.

కాన్ఫిగ్ ఫైల్‌ని చేత్తో రాసేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. సిస్టమ్‌లో ఉన్న ఫంక్షన్‌ని లేదని రాస్తే మేక్ తన సొంత ప్రత్యామ్నాయం వాడుకుంటుంది, పని నడుస్తుంది. లేనిదాన్ని ఉందని రాస్తే లింకర్ దగ్గర ఆగిపోతుంది, వెంటనే తెలుస్తుంది. ముంచేది మూడో రకం: పేరు ఉండి పని వేరేలా ఉండేది. డీజేజీపీపీ లైబ్రరీలో, నడుస్తున్న ప్రాసెస్‌కి ఇంకో కాపీ పుట్టించాల్సిన ఫోర్క్ అనే ఫంక్షన్ ఉంది. కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది. పిలిస్తే మాత్రం ఎప్పుడూ -1 ఇచ్చి, మెమరీ లేదని చెబుతుంది. డాస్‌లో రెండో ప్రాసెస్ అనేదే లేదు కాబట్టి అంతకన్నా అది చేయగలిగిందీ లేదు. కాన్ఫిగర్ లాంటి స్క్రిప్ట్ ఆ ఫంక్షన్ ఉందో లేదో మాత్రమే చూస్తే మోసపోతుంది. అందుకే డాస్ కోడ్‌లో ఫోర్క్, ఎగ్జెక్ జంట బదులు స్పాన్ వాడారు. మేక్ పిలిచిన ప్రోగ్రామ్, అంటే కొడుకు ప్రోగ్రామ్, మొదలవుతుంది, అది ముగిసేదాకా మేక్ కదలదు. -జే ఇచ్చి నాలుగు పనులు ఒకేసారి చేయమంటే, ఈ ప్లాట్‌ఫామ్ మీద అది కుదరదని చెప్పి ఒక్కటిగా మార్చేసుకునేది.

డాస్‌లో అందరినీ ఏడిపించింది కమాండ్ లైన్ పొడవు. ప్రతి ప్రోగ్రామ్ మెమరీలో ముందుగా 256 బైట్ల పీఎస్‌పీ అనే భాగం ఉంటుంది. అందులో రెండో సగం, అంటే 80 హెక్స్ నుంచి 128 బైట్లు, కమాండ్ లైన్‌ది. మొదటి బైటు పొడవుకి, చివర ఒకటి క్యారేజ్ రిటర్న్‌కి పోతే మిగిలేది 126 అక్షరాలు. జీసీసీకి రెండు ఇంక్లూడ్ డైరెక్టరీలు, నాలుగు డిఫైన్‌లు ఇస్తే అక్కడికే నిండిపోతుంది. ముప్పై .ఓ ఫైళ్లని లింక్ చేయడం మాట ఎత్తక్కర్లేదు. డీజేజీపీపీ దీనికి రెండు దారులు వేసింది. ఒకటి ఇందాక చెప్పిన రెస్పాన్స్ ఫైల్. రెండోది ఇంకా తెలివైనది. పిలిచేదీ పిలిపించుకునేదీ రెండూ డీజేజీపీపీ ప్రోగ్రామ్‌లే అయితే, అసలు ఆర్గ్యుమెంట్లని మెమరీలో ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో పెట్టి, 126 అక్షరాల జాగాలో మాత్రం "ప్రాక్సీ" అనే ఒక గుర్తు, ఆ మెమరీ అడ్రసు ఇస్తుంది. కొడుకు ప్రోగ్రామ్ మొదలవగానే స్టార్టప్ కోడ్ ఆ గుర్తు చూసి అసలు జాబితాని తెచ్చుకుంటుంది. ఆ బఫర్ మామూలుగా 16 కేబీ, అంటే చాలా ప్యాకేజీలకి సరిపోయేంత జాగా. మధ్యలో డాస్ సొంత షెల్ కమాండ్.కామ్ దూరిందా, మళ్లీ 126కే. కాబట్టి మేక్ వీలైనప్పుడల్లా షెల్‌ని పక్కనపెట్టి ప్రోగ్రామ్‌ని నేరుగా పిలవాలి. లైన్‌లో పైపు (ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి పంపేది), రీడైరెక్షన్ (ఫైల్‌లోకి మళ్లించేది) లాంటి షెల్ గుర్తులేవీ లేకపోతే నేరుగా పిలిచే అలవాటు మేక్‌కి యూనిక్స్‌లోనే ఉంది. అక్కడ అది వేగం కోసం. డాస్‌లో అదే బతుకుదెరువైంది.

కమాండ్.కామ్‌ని తప్పించుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. కమాండ్.కామ్ ద్వారా నడిపిన ప్రోగ్రామ్ ఫెయిలైనా, కమాండ్.కామ్ మాత్రం సున్నానే తిరిగి ఇస్తుంది. మేక్ దృష్టిలో సున్నా అంటే గెలిచినట్టు. కంపైలర్ పది ఎర్రర్లు ఇచ్చి చచ్చినా మేక్ తర్వాతి మెట్టుకి వెళ్లిపోతుంది, పాత .ఓ ఫైల్‌తో లింక్ చేసేస్తుంది, చివర్లో అంతా బాగానే అయిందని చెబుతుంది. బిల్డ్ టూల్‌లో ఇంతకన్నా చెడ్డ జబ్బు లేదు. ఆగిపోయే బిల్డ్‌ని బాగుచేయొచ్చు, అబద్ధం చెప్పే బిల్డ్‌ని నమ్ముకుంటే రోజులు పోతాయి. డీజేజీపీపీ 2.01లో సిస్టమ్ ఫంక్షన్‌ని తిరగరాసి, పైపులూ రీడైరెక్షన్లూ కమాండ్.కామ్‌తో పని లేకుండా తనే చూసుకునేలా చేశారు. దాంతో ఎగ్జిట్ కోడ్ నిజం చెప్పడం మొదలుపెట్టింది. డాస్ పైపులు అసలైన పైపులు కావు, మొదటి ప్రోగ్రామ్ అవుట్‌పుట్ అంతా ఒక టెంప్ ఫైల్‌లోకి పోయాక రెండోది మొదలవుతుంది. టెంప్ డైరెక్టరీ ర్యామ్ డిస్క్ మీద పెట్టుకున్నవాళ్లకి $(షెల్ ...) ఫంక్షన్లు కాస్త చురుగ్గా నడిచేవి. కమాండ్.కామ్‌లో స్టాండర్డ్ ఎర్రర్‌ని ఫైల్‌లోకి మళ్లించే వీలు కూడా లేదు. అందుకోసమే డీజేజీపీపీతో రీడైర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చేవారు. స్క్రీన్ 25 లైన్లే కాబట్టి అది లేకపోతే మొదటి ఎర్రర్ ఏమిటో ఎప్పటికీ తెలిసేది కాదు.

డైరెక్టరీ సంగతి ఇంకో రకం. యూనిక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కీ దాని సొంత కరెంట్ డైరెక్టరీ ఉంటుంది. రూల్‌లో "సీడీ లిబ్" అని ఒక లైన్ రాస్తే దాని ప్రభావం ఆ లైన్‌తో పోతుంది, ఎందుకంటే ప్రతి లైన్‌కీ కొత్త షెల్. డాస్‌లో కరెంట్ డైరెక్టరీ డ్రైవ్‌కి ఒకటి, మెషీన్ మొత్తానికి అదే. కొడుకు ప్రోగ్రామ్ డైరెక్టరీ మార్చి వెళ్లిపోతే తండ్రి కూడా అక్కడే ఉండిపోతుంది. మేక్ బయటికి వచ్చేటప్పుడు బయలుదేరిన డైరెక్టరీకి తిరిగి వెళ్లే కోడ్ సోర్స్‌లో ఉంది. దాని పక్కన కామెంట్‌లో కారణం కూడా రాశారు: ఎమ్‌ఎస్-డాస్‌లో నిజానికి ఉన్నది ఒకే ప్రాసెస్ కాబట్టి ఇది తప్పనిసరి అని. -సీ ఆప్షన్‌తో లోపలి డైరెక్టరీలోకి పంపిన మేక్ ఎర్రర్‌తో ఆగిపోయినప్పుడు, మనం కూడా ఆ లోపలి డైరెక్టరీలో తేలకుండా కాపాడింది ఆ కొన్ని లైన్లే.

నాకు ఈ పోర్ట్ మొత్తంలో అందమైన ముక్క అనిపించేది కోలన్‌కి సంబంధించింది. మేక్‌ఫైల్ భాషలో కోలన్ అంటే టార్గెట్‌కీ దాని ముడిసరుక్కీ మధ్య గీత. డాస్‌లో కోలన్ అంటే డ్రైవ్. ఈ రూల్ చూడండి:

సీ:/అవుట్/మెయిన్.ఓ: సీ:/సోర్స్/మెయిన్.సీ

ఇందులో మూడు కోలన్లు. గీత మధ్యదొక్కటే. యూనిక్స్ మేక్ మొదటి కోలన్ దగ్గరే లైన్‌ని విరిచేసి, "సీ" అనే టార్గెట్ ఉందనుకుంటుంది. తర్వాత ఇంకో రెండు కోలన్లు కనిపిస్తే దీన్ని రెండు కోలన్లతో రాసే స్టాటిక్ ప్యాటర్న్ రూల్ అనుకుని తికమకపడుతుంది. డాస్ పోర్ట్‌లో దీనికి పెట్టిన పరీక్ష ఇది. కోలన్ దొరికాక, దాని వెనక అక్షరం ఉందా, ఆ అక్షరానికి ముందు ఖాళీ గానీ లైన్ మొదలు గానీ ఉందా, కోలన్ తర్వాత / గానీ \ గానీ ఉందా అని చూస్తుంది. మూడూ ఉంటే అది డ్రైవ్, వదిలేసి తర్వాతి కోలన్ దగ్గరికి వెళ్తుంది. అంతే, కొద్ది లైన్ల కోడ్. దీనికి హద్దులూ ఉన్నాయి. టార్గెట్ పేరు ఒకే అక్షరమై, కోలన్ తర్వాత ఖాళీ వదలకుండా / తో మొదలయ్యే పేరు రాస్తే అది డ్రైవ్ కింద లెక్కైపోతుంది. కోలన్ తర్వాత ఖాళీ వదలడం మంచి అలవాటు అయింది అందుకే. డ్రైవ్ అక్షరం తర్వాత గీత లేకుండా రాసే పాత డాస్ పేర్లని ఈ పరీక్ష పట్టుకోదు. మేక్ ఫైళ్లని వెతికే డైరెక్టరీల జాబితా వీపాత్‌లో, పేర్ల మధ్య కోలన్ బదులు సెమీకోలన్ వాడాలని మార్చింది కూడా ఇందుకే.

ఈ కొద్ది లైన్ల విలువ 2006లో చాలామందికి తెలిసొచ్చింది. విండోస్ మీద యూనిక్స్ వాతావరణం ఇచ్చే సిగ్విన్ ప్రాజెక్ట్ తన మేక్ 3.81లో డాస్ పాత్‌ల మద్దతుని తీసేసింది. అప్పటిదాకా నడిచిన బిల్డ్‌లు "మల్టిపుల్ టార్గెట్ ప్యాటర్న్స్. స్టాప్." అంటూ ఆగిపోయాయి. మేక్‌ఫైల్‌లో ఎవరూ డ్రైవ్ పేరు రాయకపోయినా సరే. సిగ్విన్‌కి చెందని కంపైలర్లు తయారుచేసిన .డీ డిపెండెన్సీ ఫైళ్లలో డ్రైవ్ అక్షరంతో పాత్‌లు ఉండేవి. మొదటి బిల్డ్ బాగానే అయ్యేది, .డీ ఫైళ్లు అప్పుడే పుడతాయి కాబట్టి. రెండోసారి మేక్ కొడితే ఆగేది. ఇప్పటికీ ఎవరైనా "మొదటిసారి అవుతుంది, రెండోసారి కాదు" అంటే ముందు .డీ ఫైల్ తెరిచి కోలన్లు లెక్కపెట్టమంటాను.

బ్యాక్‌స్లాష్ బాధ చిన్నదే గానీ తరచుగా వచ్చేది. మేక్‌ఫైల్‌లో లైన్ చివర \ ఉంటే తర్వాతి లైన్ దాంతో కలిసిపోతుంది. డైరెక్టరీ పేరుని \ తో ముగిస్తే కింది వేరియబుల్‌ని అది మింగేస్తుంది. డాస్‌లో కూడా పాత్‌లు / తోనే రాయడం ఒక్కటే మందు. డాస్ కెర్నల్ దాన్ని ఒప్పుకుంటుంది, ఒప్పుకోనిది కమాండ్.కామ్ సొంత కమాండ్లే.

పేర్ల విషయానికి వద్దాం. డాస్‌లో ఫైల్ పేరంటే ఎక్కువలో ఎక్కువ ఎనిమిది అక్షరాలు, ఒక చుక్క, మూడు అక్షరాలు. కాన్ఫిగ్.హెచ్.ఇన్‌లో రెండు చుక్కలు, చెల్లదు. వై.ట్యాబ్.సీ చెల్లదు, అది వై_ట్యాబ్.సీ అయింది. చుక్కతో మొదలయ్యే .డెప్స్ చెల్లదు, _డెప్స్ అయింది. ప్లస్ గుర్తు చెల్లదు కాబట్టి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ పేరులో ప్లస్‌ల బదులు ఎక్స్‌లు వచ్చాయి. మేక్ లోపల డైరెక్టరీలు చదివే కోడ్‌లో పేరుని డాస్ కొలతకి కత్తిరించి పోల్చే చిన్న ఫంక్షన్ పెట్టారు, దానివల్ల మేక్‌ఫైల్‌లో పొడుగు పేరున్నా డిస్క్ మీది పొట్టి పేరుతో సరిపోయేది.

విండోస్ 95 పొడుగు పేర్లు తెచ్చాక బాధ తగ్గాల్సింది పోయి కొన్నాళ్లు పెరిగింది. స్ట్రీమ్‌బఫ్.హెచ్ అనే హెడర్‌నే తీసుకుందాం. ఇంగ్లీషులో దాని పేరు తొమ్మిది అక్షరాలు. మామూలు డాస్‌లో ఆ పేరుతో ఫైల్ తెరిస్తే డాస్ తొమ్మిదో అక్షరం కోసేసి మిగతా ఎనిమిదితో వెతుకుతుంది, దొరుకుతుంది. అదే జిప్‌ని విండోస్ 95లో విప్పితే, పొడుగు పేరుతోపాటు పొట్టి పేరుగా మొదటి ఆరు అక్షరాలకి ~1 తగిలించి పెడుతుంది. తర్వాత మెషీన్‌ని డాస్ మోడ్‌లో బూట్ చేసి కంపైల్ చేస్తే ఎనిమిది అక్షరాల పేరు ఎక్కడా ఉండదు, హెడర్ లేదంటుంది. రిజిస్ట్రీలో నేమ్‌న్యూమరిక్‌టెయిల్ అనే విలువని సున్నా చేసి, ఆ తర్వాతే జిప్‌లు విప్పాలి, అప్పుడు వీలైనచోట ~1 లేకుండా కోస్తుంది. ముందే విప్పేసినవాళ్లు మళ్లీ విప్పుకోవాల్సిందే. ఎల్‌ఎఫ్‌ఎన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని వై గానీ ఎన్ గానీ పెట్టి పొడుగు పేర్లు వాడాలో వద్దో చెప్పొచ్చు, కానీ విప్పేటప్పుడు ఒకటి, కట్టేటప్పుడు ఇంకొకటి పెడితే అదే చిక్కు.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకపోవడం వల్ల వచ్చే సమస్యల్లో ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. చాలా ప్యాకేజీల్లో ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే ఒక ఫైల్ ఉంటుంది, దాని పేరు పెద్దక్షరాల్లో ఇన్‌స్టాల్. మీరు "మేక్ ఇన్‌స్టాల్" అని కొడితే, మేక్ ఆ పేరుతో ఫైల్ ఉందేమో చూస్తుంది. అక్షరాల తేడా చూడని ఫైల్ సిస్టమ్ ఉందంటుంది. ఆ టార్గెట్‌కి ముడిసరుకు ఏమీ లేకపోతే, ఇన్‌స్టాల్ అప్ టు డేట్ అని చెప్పి మేక్ ఊరుకుంటుంది. ఒక్క ఫైల్ కూడా కాపీ కాదు, ఎర్రర్ కూడా రాదు. మందు ఒక్క లైన్: ఇది ఫైల్ కాదు, పని పేరు మాత్రమే అని చెప్పే .ఫోనీ జాబితాలో ఆ టార్గెట్‌ని పెట్టడం. డాస్‌లో, విండోస్‌లో, మ్యాక్ మామూలు డిస్క్ ఫార్మాట్‌లో కూడా ఇది కొరుకుతుంది. ఇదే కారణంగా పెద్ద సీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లని సీ ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేసే బిల్ట్ ఇన్ రూల్‌ని ఇలాంటి సిస్టమ్‌ల మీద మేక్ నుంచి తీసేశారు. లేకపోతే డాస్ పెద్దక్షరాల్లో చూపించే ప్రతి సీ ఫైల్ సీ ప్లస్ ప్లస్ అయిపోయేది.

.ఈఎక్స్‌ఈ తోక సంగతి క్లుప్తంగా. టార్గెట్ పేరు "ప్రోగ్" అని రాస్తే, లింకర్ తయారుచేసేది ప్రోగ్.ఈఎక్స్‌ఈ. మేక్ వెతికేది ప్రోగ్. అది ఎప్పటికీ దొరకదు కాబట్టి ప్రతిసారీ మళ్లీ లింక్ చేస్తుంది. తోకకి ఒక వేరియబుల్ పెట్టి, యూనిక్స్‌లో దాన్ని ఖాళీగా వదలడమే సరైన పద్ధతి.

ఇప్పుడు టైమ్. డాస్ డిస్కులు వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో ఫైల్ టైమ్‌కి కేటాయించింది 16 బిట్లు. గంటకి 5, నిమిషానికి 6, మిగిలినవి 5. అయిదు బిట్లలో 0 నుంచి 31 దాకానే పడుతుంది, సెకన్లు 59 దాకా ఉంటాయి. అందుకని సెకన్లని సగం చేసి రాస్తారు. అంటే ప్రతి ఫైల్ టైమూ సరి సెకనే. మేక్ నియమం ప్రకారం ముడిసరుకు టైమ్ టార్గెట్ కంటే కొత్తదైతేనే పని చేయాలి, సమానమైతే అక్కర్లేదు. .ఓ ఫైల్ పుట్టిన రెండు సెకన్లలోపే సోర్స్ మారితే, రెండిటి టైమూ ఒకటే పడి మార్పు కనిపించకుండా పోతుంది. మనిషి ఎడిట్ చేసేటప్పుడు ఇది అరుదు. ప్రోగ్రామ్‌లు ఫైళ్లని పుట్టించే బిల్డ్‌లో అరుదు కాదు. సరి సెకనుకి పైకి సర్దితే ఫైల్ టైమ్ గడియారం కంటే ముందుకి పోతుంది, మేక్ "క్లాక్ స్క్యూ" అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఇచ్చే ముందు కొద్ది సెకన్ల తేడాని చూసీ చూడనట్టు వదిలేయమని కోడ్‌లో రాయాల్సొచ్చింది.

ఫ్యాట్‌లో రాసేది లోకల్ టైమ్. మన దేశంలో గడియారాలు ఏడాదికి రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పరు కాబట్టి హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకి ఇది తగల్లేదు. అమెరికాలో పనిచేసినవాళ్లకి మాత్రం సోర్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఎన్‌టీ ఫైల్ సిస్టమ్) లేదా నెట్‌వర్క్ డ్రైవ్ మీద, .ఓ ఫైళ్లు ఫ్యాట్ మీద ఉంటే, గడియారం మార్చిన మర్నాడు ఒక వైపు ఫైళ్లన్నీ గంట జరిగి కనిపించేవి. అన్నీ మళ్లీ కంపైల్ అవడమో, మారినవి కూడా కంపైల్ కాకపోవడమో, ఏదో ఒకటి. రెండిటినీ ఒకే రకం డిస్క్ మీద ఉంచడమే విరుగుడు.

మన దగ్గర ఎక్కువగా తగిలింది మెషీన్ ఆపినా గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ. బ్యాటరీ అయిపోతే డాస్ మెషీన్ 1980 జనవరి 1తో లేస్తుంది. కంపైలైన ప్రతి .ఓ ఫైలూ 1980దే, సోర్స్ 1996ది. మేక్ ఎన్నిసార్లు కొట్టినా మొత్తం మళ్లీ కంపైల్ చేస్తుంది, అది దాని తప్పు కాదు. మేక్ అకారణంగా అన్నీ తిరిగి కడుతోందంటే ముందు డేట్, టైమ్ కమాండ్లు కొట్టి చూడాలి.

వాడేవాళ్ల వైపు సర్దుబాట్లు కూడా ఉండేవి. కాన్ఫిగ్.సిస్‌లో ఫైల్స్=40. షెల్ లైన్‌లో /ఈ:2048, ఎందుకంటే ఎన్విరాన్‌మెంట్‌కి మామూలుగా ఉండే 256 బైట్లు, ప్రోగ్రామ్‌లని వెతికే డైరెక్టరీల జాబితా అయిన పాత్‌కే చాలవు. "అవుట్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ స్పేస్" అన్న లైన్, మెషీన్ లేవగానే నడిచే ఆటోఎగ్జెక్ మధ్యలో కనిపించి ఎగిరిపోతే ఆ తర్వాత సెట్ చేసినవేవీ ఉండవు. మేక్‌ఫైల్ ఫైల్‌నే ఏదైనా ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే, కొన్ని ఎడిటర్లు ట్యాబ్‌లని ఎనిమిది ఖాళీలు చేసేసేవి. ఆ వెంటనే "మిస్సింగ్ సెపరేటర్". ఎనిమిది ఖాళీల బదులు ట్యాబ్ పెట్టాలనుకున్నారా అని జీఎన్‌యూ మేక్ ఆ మెసేజ్‌లోనే అడగడం ఎంతోమందిని గట్టెక్కించింది. డాస్‌లో సేవ్ చేసిన మేక్‌ఫైల్‌ని తిరిగి యూనిక్స్‌కి తీసుకెళ్తే లైన్ చివర మిగిలిన క్యారేజ్ రిటర్న్ ఫైల్ పేరుకి అతుక్కుని, కళ్లముందున్న ఫైల్‌నే లేదంటుంది.

విండోస్ ఎన్‌టీకి పోర్ట్ చేసింది రాబ్ టుల్లో, మేక్ 3.75 వెర్షన్ కాలంలో. డాస్ వైపు ఎలీ జారెట్‌స్కీ ఏళ్ల తరబడి పట్టువదలకుండా చేసిన పని ఈ రెంటికీ ఆసరా. వాళ్లిద్దరికీ, మేక్ మెయింటెయినర్‌గా అన్నీ కలిపి మోసిన పాల్ స్మిత్‌కీ మన తరం రుణపడి ఉంది. ఎన్‌టీలో అసలైన ప్రాసెస్‌లు ఉన్నాయి, ఫోర్క్ లేదు గానీ క్రియేట్‌ప్రాసెస్ ఉంది. డాస్ బాధలు సగం పోయాయి. కొత్తవి వచ్చాయి. యూనిక్స్‌లో కొడుకు ప్రోగ్రామ్‌కి ఆర్గ్యుమెంట్లు విడివిడిగా అందుతాయి. విండోస్‌లో మొత్తం ఒకే వాక్యంగా వెళ్తుంది, విడగొట్టుకోవడం అందుకున్నవాడి పని. ఖాళీలున్న పేరుని కొటేషన్లలో పెట్టి, పేరు \ తో ముగిస్తే, ఆ \ పక్కన ఉన్న కొటేషన్‌ని మింగేసి తర్వాతి ఆర్గ్యుమెంట్‌తో కలిపేస్తుంది. కొటేషన్‌కి ముందున్న \ లని రెట్టింపు చేయడం పోర్ట్ కోడ్ బాధ్యత.

షెల్ ఎంపిక ఇంకా తిరకాసు. విండోస్ మేక్‌కి, పాత్‌లో యూనిక్స్ తరహా షెల్ ఎస్‌హెచ్.ఈఎక్స్‌ఈ దొరికితే దాన్నే షెల్‌గా తీసుకుంటుంది. దొరకకపోతే విండోస్ సొంత షెల్ సీఎండీని వాడుతుంది, షెల్ అవసరమైన లైన్‌ని ఒక తాత్కాలిక బ్యాచ్ ఫైల్‌లో రాసి నడుపుతుంది. అంటే ఒకే మేక్‌ఫైల్, ఒకే మేక్, పక్కపక్క రెండు మెషీన్లలో వేర్వేరుగా నడుస్తాయి, ఒకదాంట్లో గిట్ ఇన్‌స్టాల్ చేసి దాని యుటిలిటీలు పాత్‌లో ఉన్నాయి కాబట్టి. ఫైళ్లు చెరిపే యూనిక్స్ కమాండ్ ఆర్‌ఎమ్ లేని మెషీన్‌లో వచ్చే "క్రియేట్‌ప్రాసెస్ ఫెయిల్డ్, ఈ=2" మెసేజ్‌ని చూసి మేక్ పాడైందనుకుంటారు. 2 అంటే విండోస్ భాషలో ఫైల్ దొరకలేదని, అంతే. డాస్ పోర్ట్ ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండేది. మేక్‌ఫైల్‌లో షెల్‌కి /బిన్/ఎస్‌హెచ్ అని రాసినా, పాత్‌లో తెలిసిన ఎక్స్‌టెన్షన్లన్నీ కలిపి వెతికి, దొరికితేనే దాని పూర్తి పాత్ పెట్టుకునేది, లేకపోతే ఆ లైన్ రాయనట్టే లెక్క.

డైరెక్టరీలు చదవడంలో ఇంకో లోతైన సంగతి ఉంది. మేక్ వేగం కోసం ఒక డైరెక్టరీని ఒకసారి చదివి పేర్లు గుర్తుంచుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో డైరెక్టరీలో కొత్త ఫైల్ పుడితే డైరెక్టరీ టైమ్ మారుతుంది, మళ్లీ చదవాలని తెలుస్తుంది. ఫ్యాట్‌లో మారదు. అందుకని విండోస్ పోర్ట్ ముందు అది ఏ రకం డిస్కో కనుక్కుని, ఫ్యాట్ అయితే ప్రతిసారీ చదివేది. ఇది తెలియక కొత్త సిస్టమ్‌కి పోర్ట్ చేస్తే, బిల్డ్ మధ్యలో పుట్టిన ఫైల్‌ని మేక్ లేదంటుంది, రెండోసారి కొడితే ఉందంటుంది.

-జే విండోస్‌లో వచ్చాక కూడా ఒక పరిమితి ఉండేది. ఒకేసారి ఎదురుచూడగలిగే ప్రాసెస్ హ్యాండిల్స్ 64 మించకూడదని సిస్టమ్ నియమం. ఇంకో తేడా, ఒకేసారి ఎన్ని పనులు నడవాలో లెక్క చూసే జాబ్‌సర్వర్‌లో. యూనిక్స్‌లో మేక్ ఒక పైపులో, ఇచ్చిన సంఖ్యకి ఒకటి తక్కువగా అక్షరాలు వేస్తుంది. పని మొదలుపెట్టే ప్రతి లోపలి మేక్ ఒక అక్షరం చదువుతుంది, అయిపోయాక తిరిగి వేస్తుంది. విండోస్‌లో ఈ పని పేరున్న సెమాఫోర్‌తో, అంటే సిస్టమ్ ఉంచే ఒక లెక్కతో, చేయించారు, లెక్క అదే.

2022లో వచ్చిన మేక్ 4.4 వెర్షన్‌లో ఓఎస్/2, అమిగా లాంటి కొన్ని సిస్టమ్‌ల మద్దతు తీసేయబోతున్నట్టు ప్రకటించారు. ఆ జాబితాలో డాస్ లేదు.

ఎవరైనా ఇప్పుడు ఒక కొత్త సిస్టమ్‌కి మేక్‌ని తెస్తే, సోర్స్‌తో వచ్చే పెర్ల్ టెస్ట్‌లు నడిపే ముందే చేత్తో చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి. కొత్త మేక్‌తో మేక్‌నే కట్టండి. వెంటనే మళ్లీ కొట్టండి, ఒక్క ఫైల్ కూడా కంపైల్ కాకూడదు, అయితే టైమ్‌లోనో .ఈఎక్స్‌ఈ తోకలోనో తప్పుంది. ఒక హెడర్‌ని టచ్ చేసి కొట్టండి, దాన్ని వాడే ఫైళ్లు మాత్రమే కంపైల్ కావాలి. ఒక .సీ ఫైల్‌లో సెమీకోలన్ తీసేసి కొట్టండి, అక్కడే ఆగి, సున్నా కాని కోడ్‌తో బయటికి రావాలి, ఒకసారి నేరుగా, ఒకసారి అదే లైన్‌కి రీడైరెక్షన్ తగిలించి షెల్ ద్వారా. సీడీ ఉన్న లైన్ తర్వాత లైన్‌లో డైరెక్టరీ ఏదో ప్రింట్ చేయించండి. ఇన్‌స్టాల్ పేరుతో ఒక ఖాళీ ఫైల్ పెట్టి మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి. రెండు వందల .ఓ పేర్లున్న లింక్ లైన్ ఒకటి నడపండి, చివరి పేరు లింకర్‌కి చేరిందో లేదో చూడండి. ఇవన్నీ దాటాకే -జే 4 పెట్టాలి.